ఆకునీడ అద్దకము



పూర్వము ఇంజనీర్లు కట్టడముల పటములకు నకళ్లు తీసెడి నీలికాగితమును మీలో కొందఱు చూచియుందురు. ఆ విధానమును 1842లో జాన్ హెర్షెల్ అను ఆంగ్లశాస్త్రజ్ఞుడు కనిపెట్టెను. మఱుసటి యేటనే అన్నా అట్కిన్సు అను విదుషి సముద్రపు నాచుల ఆకారములను ఆ రీతిని ఎండలో కాగితమున కెక్కించి, గ్రంథముగ వెలువరింప నారంభించెను. ఈ పని బట్టమీదను చేయవచ్చును.

విజయవాడ వన్ టౌనులో కొన్న మల్లుగుడ్డతో మా మనుమరాలును నేనును చేసి చూచితిమి. మొదట గుడ్డను గంజి పోవునట్లు ఉతికితిమి. ఫెర్రిక్ అమ్మోనియం సిట్రేటు, పొటాషియం ఫెర్రిసయనైడు అను లవణములను వేర్వేఱుగ నీట కరగించి, సమభాగములుగ కలిపి, చీకటిగదిలో గుడ్డకు పూసి, అచ్చటనే ఆరనిచ్చితిమి. పిదప రావియాకు నుంచి, పైన గాజుపలక పెట్టి, మధ్యాహ్నపుటెండలో పావుగంట యుంచితిమి. నీట జాడింపగా, ఆకు కప్పినచోట మందు కరగి తెలుపు మిగిలెను. ఎండసోకిన చోట లవణములలోని ఇనుము మార్పుచెంది నీలమై నిలిచెను. ఛాయ యనగా నీడయు, రంగును. ఆ రెండర్థములను ఒక్క గుడ్డపై చూచితిని.

తరువాత దానిని నేనే చాకలిసోడా నీళ్లలో నానవేసితిని. నీలము వెలసి తుప్పువన్నెకు తిరిగెను. పిల్ల కంట నీరు పెట్టుకొనినది. క్షారము ఆ రంగునకు శత్రువని నేను ముందు తెలిసికొనవలసినది.

రంగు పుట్టించుట యొక యెత్తు, నీటిలో నిలుపుట యొక యెత్తు. మచిలీపట్టణము చెంతనున్న పెడన అద్దకపువారు ఈ మర్మమును తరతరములుగ నెఱుగుదురు. కరక్కాయతోను గేదెపాలతోను గుడ్డను పదును చేసి, తుప్పినుమును బెల్లముతో ఊరవేసిన నీటితో నల్లగీతలు అద్దుదురు. కరక్కాయ వగరును ఇనుమును కలిసి ఆ నలుపు పుట్టును. ఎఱుపునకు పటిక పట్టింతురు. పిదప పాఱునీట జాడింతురు. నిలువనీటిలో నైనచో, ఊడిన మందు మరల గుడ్డ నంటి తెలుపును చెఱచును.

కావున పెద్దలారా! మన సీమలో ఎండకు కొదువలేదు, కాపాడుకొనవలసినది కాలువనీరు. గట్టున చెత్తపోయువారిని వారింపుడు. బడిపిల్లలచేత ఒక్క ఆకునీడనైన అద్దింపుడు. చేతులకు తొడుగులు తొడిగింపుడు, ఆ మందులో ఆమ్లము కలుపనీయకుడు. పిదప వారిని పెడనకు గొనిపోయి, అద్దకము చూపుడు.

సెలవు.