గురి తప్పు గాలి తుపాకి

తిరునాళ్ళలో బుడగలను కొట్టు గాలి తుపాకిని ఎరుగనివారు మనలో అరుదు. 2008లో బీజింగ్ ఒలింపిక్ క్రీడలలో అభినవ్ బింద్రా 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీయందు స్వర్ణపతకమును గెలిచెను. 2012లో లండనులో, హైదరాబాదున పెరిగిన గగన్ నారంగ్ అదే పోటీయందు కాంస్యపతకమును గెలిచెను. ఆ పోటీ లక్ష్యమున నడిమి చుక్క వ్యాసము అర మిల్లీమీటరు మాత్రమే. మేటి పోటీలలో నేడు వాడునవి ముందుగా నింపిన గాలితో పనిచేయు తుపాకులు. వెల తక్కువయగుటచే అభ్యాసకుల చేతికి తరచుగా వచ్చునది స్ప్రింగు తుపాకి. ఈనాడు మనము దానిని గూర్చియే ముచ్చటింతము.

నిన్న చక్కగా తగిలిన గుండు నేడు పెడదారి పట్టినచో, కొందరు "వీనికి చేయి కుదరదు" అందురు. మరికొందరు వెంటనే స్ప్రింగును మార్పింతురు. రెండును తొందరపాటులే. దోషమును వెలుపలినుండి లోపలికి క్రమముగా వెదకవలెను.

మొదట అయిదు గుండ్లు కాల్చి అట్టను చూడుడు. రంధ్రములన్నియు ఒకేచోట గుమిగూడి, నడిమికి దూరముగానున్నచో గురిచూపును సవరించిన చాలును. అవి చెదరియున్నచో కారణము వేరొకచోట నున్నది.

ఈ తుపాకి స్వభావము విచిత్రమైనది. మీట నొక్కగనే లోపలి పిస్టను ముందునకు దూకును. తుపాకి వెనుకకు తన్నును. పిస్టను కొసకు చేరి ఆగునప్పుడు తుపాకి ముందునకు కుదుపుకొనును. గుండు ఇంకను గొట్టములో నుండగనే ఈ కదలిక మొదలగును. కావున బిగబట్టుట వలన మేలు లేదు. ముందరి అరచేతిమీద తేలికగా నిలిపి, ప్రతిసారియు ఒకేచోట, ఒకే తీరున పట్టవలెను. గట్టి బల్లమీద ఆనించి కాల్చినచో గుండు తగులుచోటు మారును.

పట్టు సరియైన పిమ్మట మరలను చూడుడు. ఈ కుదుపులకు చెక్కను బిగించు మరలు సడలుచుండును. గురిచూపు కదలినదేమో పరీక్షింపుడు. దూరదర్శిని అమర్చినచో, అది ఈ రెండువైపుల కుదుపును ఓర్చునట్టిదై యుండవలెను. లేనిచో దాని లోపలి భాగములు చెడును.

తరువాతిది గుండు. మెత్తని సీసముతో చేయబడుటచే దాని వెనుకటి పలుచని అంచు సులభముగా నొక్కుకొనిపోవును. సొట్టపడిన వానిని ఏరివేయుడు. ఒక్కొక్క గొట్టమునకు ఒక్కొక్క రకము కుదురును గనుక మూడు నాలుగు రకములు కాల్చి చూచుట మంచిది. గొట్టములో సీసము పేరుకొన్నచో మెత్తని గుడ్డతో తుడువుడు.

గొట్టము విరుగు కీలు ప్రక్కలకు ఊగరాదు. అచ్చటి ఉంగరము అరిగినచో గాలి కారును. ఆ అతుకుమీద పలుచని కాగితపు ముక్క నుంచి, గుండు వేసి కాల్చుడు. కాగితము ఎగిరినచో గాలి పోవుచున్నదన్నమాట.

ఇవన్నియు సరిగానున్నను గుండ్లు చెదరినప్పుడే స్ప్రింగును, పిస్టను మెత్తను అనుమానింపవలెను. నూనె ఎక్కువైనచో, నలిగిన గాలి వేడికి అది మండి, పొగయు పెద్ద చప్పుడును పుట్టించును. గుండు వేగము నిలుకడ తప్పును. గుండు లేక ఊరక కాల్చినచో పిస్టను నేరుగా కొసకు మోది దెబ్బతినును. మరింత బలమైన స్ప్రింగు వేసిన కుదుపు హెచ్చునే కాని గురి కుదురదు. బిగిసియున్న స్ప్రింగు విడిపోయిన ప్రాణాపాయము. దానిని విప్పుట తెలిసిన పనివానికే వదలుడు. గుండు నింపునపుడు తెరచిన గొట్టమును చేతితో గట్టిగా పట్టియుండుడు. అది జారి మూసుకొన్నచో వ్రేళ్ళు నలుగును.

ఒక్కసారి ఒక్కదానినే మార్చి, మరల అయిదు గుండ్లు కాల్చి చూడుడు. రెండింటిని కలిపి మార్చినచో ఏది దోషమో తెలియదు. సడలిన ఒక మర కారణముగా ఒక బాలుడు తన చేతిమీద నమ్మకము కోల్పోవుట మిక్కిలి విచారకరము. తీర్పు చెప్పుటకు ముందు మరబిళ్ళను చేతబట్టుడని పెద్దలకు మా మనవి.