డిస్కులో ఖాళీ ఎంత?

పల్నాడు జిల్లా కేంద్రం నరసరావుపేట మొదలు మాచర్ల, గురజాల దాకా పెళ్లి ముహూర్తాలు వస్తే చాలు, ఫొటో స్టూడియోల కంప్యూటర్లకు ఊపిరాడదు. గంటలకొద్దీ వీడియోలాయె!

ఖాళీ ఎంతుందో చూడటానికి మౌస్‌తో పనిలేదు. విండోస్‌లో సీఎండీ అని కొడితే నల్లతెర వస్తుంది. అక్కడ ఎఫ్‌ఎస్‌యుటిల్ వాల్యూమ్ డిస్క్‌ఫ్రీ, ఆ పక్కన సీ, కోలన్ టైపు చేసి ఎంటర్ నొక్కితే మొత్తం ఎంతో, మిగిలింది ఎంతో లెక్క చెబుతుంది. లినక్స్ వాళ్లది మరీ పొదుపు: డీఎఫ్, చిన్న ఖాళీ, హైఫన్, హెచ్. ఈ డీఎఫ్ 1971 నాటి తొలి యూనిక్స్‌లోనే ఉంది.

ఒక టెరాబైట్ డిస్కు కొంటే విండోస్ 931 జీబీ అనే చూపిస్తుంది. షాపువాడిని అనుమానించనక్కర్లేదు. తయారీదారు వెయ్యి చొప్పున లెక్కిస్తే, విండోస్ 1024 చొప్పున లెక్కిస్తుంది.

ఖాళీ ఉన్నంత మాత్రాన డిస్కు బాగున్నట్టు కాదు. పవర్‌షెల్ తెరిచి గెట్, హైఫన్, ఫిజికల్‌డిస్క్ అని కొడితే హెల్త్ స్టేటస్ అనే వరుస కనిపిస్తుంది. అందులో హెల్దీ అని ఉంటే సరే. వార్నింగ్ అని వస్తే మాత్రం ముందు ఆ పెళ్లి వీడియోలను వేరే డిస్కుకు ఎక్కించాలి, రిపేరు సంగతి తర్వాత.