నిన్న మధ్యాహ్నం సద్ది యాడ తిన్నారు?

(2023 సర్వసభ్య సమావేశంలో, పని చోట్ల విశ్రాంతి వసతులు చూసి వచ్చిన సభ్యుల బృందం తరఫున చేసిన ప్రసంగం)



ప్రతి ఏడూ ఈ సభలో పొదుపు ఎంత, అప్పు ఎంత, వసూలు ఎంత అని చెప్పుకుంటాం. ఈసారి మాకు వేరే లెక్క అప్పజెప్పినారు. మన సభ్యులు పనికి పోయే చోట కూర్చునేదానికి నీడ ఉందా, తాగేదానికి నీళ్లున్నాయా, మరుగుదొడ్డి ఉందా, బిడ్డను పడుకోబెట్టే చోటు ఉందా అని చూసి రమ్మన్నారు. ఉపాధి హామీ పనులు, రాళ్ల పాలిషింగ్ యూనిట్లు, ఒక పెద్ద ఫ్యాక్టరీ, చివరకు మన సొంత కొనుగోలు కేంద్రం చూసి వచ్చినాం.

మొదట మేము చేసిన తప్పు చెప్తాం. కాగితం మీద "షెడ్డు ఉంది" అని టిక్కు పెట్టుకుంటూ పోయినాం. ఒక చోట అట్లే టిక్కు పెడుతుంటే ఒక అక్క నవ్వి, "షెడ్డు ఉండాదమ్మా, బీగం ఎవరి దగ్గరుందో అడుగు" అనింది. తెరిపించి చూస్తే లోపల సిమెంటు మూటలు, చెడిపోయిన మోటార్లు. ఆడోళ్లు బయట గోడ వారన తింటున్నారు. ఆ రోజు నుంచి మా ప్రశ్న మార్చుకున్నాం. "విశ్రాంతి గది ఉందా?" అని అడగడం మానేసి, "నిన్న మధ్యాహ్నం సద్ది యాడ తిన్నారు?" అని అడిగినాం. నిజం అప్పుడు బయటపడింది.

ఉపాధి హామీ పథకం మన రాయలసీమలోనే, అనంతపురం జిల్లా బండ్లపల్లిలో 2006 ఫిబ్రవరి 2న మొదలైంది. పని చోట మంచినీళ్లు, నీడ, ప్రథమ చికిత్స పెట్టె ఉండాలని ఆ చట్టంలోనే రాసినారు. తల్లుల వెంట వచ్చే చిన్నపిల్లలు ఐదుగురు ఉంటే, వాళ్లను చూసుకునేదానికి పనికి వచ్చినోళ్లలో ఒక ఆమెను పెట్టి ఆమెకూ కూలి ఇవ్వాలి. మేము చూసిన ఒక చెరువు పనిలో నీడ పట్టా మేటు ఇంట్లో మడిచి ఉంది. తుమ్మచెట్టుకు చీర ఉయ్యాల కట్టి, తల్లి గడ్డపారతో తవ్వుతా అరగంటకొకసారి పరుగెత్తి చూసుకుంటాంది. కింద తేళ్లు, పైన ఎండ. గ్రామ సభలో ఈ మాట ఎత్తినాం. ఇప్పుడు తవ్వలేని ఒక అవ్వ పిల్లలను చూసుకుంటాంది. మస్టర్లో ఆమె పేరు ఉంది, కూలి పడుతోంది. దానికి కొత్త జీవో ఏమీ రాలేదు. అడిగినాం, అంతే.

బేతంచెర్ల వైపు నాపరాళ్ల పాలిషింగ్ యూనిట్లు మీకందరికీ తెలుసు. అక్కడ రాతిపొడి ఒంటిమీద, కొంగుమీద, చివరకు సంగటి ముద్దమీద. సిలికా ఉన్న రాతి దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరితే వచ్చే జబ్బు తిరిగి నయం కాదు. అందుకే తినే చోటు మిషన్‌కు దూరంగా ఉండాలి, తినేముందు చేతులు, ముఖం కడుక్కునే నీళ్లుండాలి. నీళ్ల మాట అడిగితే ఒక చెల్లెలు, "నీళ్లుండాయి అక్కా, మేమే తాగం" అనింది. ఎందుకమ్మా అంటే, "తాగితే యాడికి పోవాల?" అనింది. గడియ లేని ఒకే దొడ్డి, మగోళ్లకూ ఆడోళ్లకూ అదే. నలభై డిగ్రీలు దాటే ఎండలో నీళ్లు తాగకుండా, ఒంటికి ఆపుకుని పనిచేస్తే మూత్రంలో మంట, కిడ్నీలో రాళ్లు, వడదెబ్బ. మనం ఆసుపత్రికని సంఘంలో తీసుకునే అప్పుల్లో కొన్ని ఈ దొడ్డి లేకపోవడం వల్ల వచ్చినవే అని మాకు అప్పుడు అర్థమైంది.

పెద్ద ఫ్యాక్టరీలో క్యారమ్ బోర్డు, టీవీ, ఫ్యాన్లు ఉన్న గది చూసినాం. బాగుంది. కాంట్రాక్టు కింద ఊడ్చే ఆడోళ్లను అడిగితే, ఆ గది ఊడ్చేదానికి పోతాం గానీ కూర్చునేదానికి కాదన్నారు.

ఇంక దాచకుండా చెప్పాల్సిన మాట ఒకటుంది. మన సమాఖ్య నడిపిన శనగల కొనుగోలు కేంద్రంలో మన సభ్యులే జల్లెడ పట్టినారు. తూకానికి, మూటలకు షెడ్డు వేసినాం. జల్లెడ పట్టే ఆడోళ్లకు నీడ వేయలేదు. ఒక అక్క కళ్లు తిరిగి పడిపోయింది. గింజలు ఎండకూడదని ఆలోచించిన మనం, మనిషి గురించి ఆలోచించలేదు. ఇది ఎవరో చేసిన తప్పు కాదు, మనం చేసిందే. ఎదుటివాళ్ల షెడ్డు చూసేముందు మన షెడ్డు చూసుకోవాలి.

మేము సర్కారు ఇన్‌స్పెక్టర్లం కాదు. ఫ్యాక్టరీలోకి పోయి తనిఖీ చేసే హక్కు మాకు లేదు, యజమానులు ఒప్పుకుంటేనే పోయినాం. కానీ హక్కులు లేకపోలేదు. ఉపాధి పనులను గ్రామ సభ సామాజిక తనిఖీ చేయొచ్చని చట్టం 17వ సెక్షన్ చెప్తుంది. 1948 ఫ్యాక్టరీల చట్టం ప్రకారం ప్రతి ఫ్యాక్టరీలో మంచినీళ్లు, ఆడోళ్లకు వేరే మరుగుదొడ్డి ఉండాలి. తాగునీళ్లు దొడ్డికి 6 మీటర్ల లోపల పెట్టకూడదు. ఆడోళ్లు 30 మందికి మించితే ఆరేళ్లలోపు పిల్లలకు గది, పనివాళ్లు 150 మందికి మించితే విశ్రాంతి గది, భోజనాల గది ఉండాలి. లోపం ఉంటే పనిచేసే మనిషే నేరుగా ఇన్‌స్పెక్టరుకు చెప్పుకోవచ్చు, చెప్పిందెవరో ఆయన బయటపెట్టకూడదు. చాలా పాలిషింగ్ యూనిట్లలో పదిమంది కూడా ఉండరు, అక్కడికి మామూలుగా ఈ చట్టం రాదు. అట్లాంటి చోట పదిమంది ఆడోళ్లు కలిసి అడగడమే దారి.

మీ ఊళ్లో చూసేటప్పుడు ఇవి మర్చిపోవద్దు. పొద్దున ఏడింటికి పోవద్దు, ఎండ నడినెత్తికొచ్చాక పోండి, అప్పుడు నీడ ఎక్కడుందో తెలుస్తుంది. బీగం ఎవరి దగ్గరుందో అడగండి. దొడ్డికి లోపల గడియ ఉందా, నీళ్లున్నాయా మీరే పోయి చూడండి. బిందె మూత తీసి చూడండి. మందుల పెట్టె తెరిచి చూడండి. యజమాని ముందు అడగొద్దు, కూలికి పోయేవాళ్లతో విడిగా మాట్లాడండి.

ఎవరైనా ఎండకు తలతిరిగి, మాట తడబడి, ఒళ్లు కాలిపోతుంటే వెంటనే నీడకు చేర్చి, తడిగుడ్డ కప్పి, విసురుతా 108కు ఫోన్ చేయండి. స్పృహ లేని మనిషి నోట్లో నీళ్లు పోయొద్దు.

ఈ సభను మేము కోరేది రెండే. ఒకటి, మన కొనుగోలు కేంద్రాల్లో నీడ, నీళ్లు, గడియ ఉన్న దొడ్డి లేకుండా ఈ ఏడు తూకం మొదలుపెట్టకూడదని ఈరోజే తీర్మానం చేయాలి. రెండు, ప్రతి గ్రామ సంఘం నెల సమావేశంలో పొదుపు లెక్క అయ్యాక ఒక్క ప్రశ్న అడగాలి: నిన్న మధ్యాహ్నం సద్ది యాడ తిన్నారు? జవాబు పుస్తకంలో రాయండి. వచ్చే ఏడు ఆ పుస్తకాలు పట్టుకునే ఈ సభకు వద్దాం.