నీడకు ఎంత రాసినావు నాయనా?

(మన సంఘ సమావేశంలో జరిగిన నవలావిష్కరణ సందర్భంగా రచయిత చేసిన ప్రసంగ పాఠం)



ఏటా మనమందరం బ్రతికే ఉన్నామని లైఫ్ సర్టిఫికెట్ ఇస్తాము. అది సులువైన పని. ఎలా బ్రతికామో రాసి కింద పేరు పెట్టడం ఎంత కష్టమో నాకు ఈ రోజున తెలిసివచ్చింది.

1976లో నేను ఎల్.డి.సి.గా చేరింది శ్రీశైలం ప్రాజెక్టు ముంపు గ్రామాల భూసేకరణ పనిలో. అప్పటికి అమలులో ఉన్నది 1894 నాటి చట్టం. పొలం ఎన్ని ఎకరాలు, ఎన్ని సెంట్లు, మిద్దె ఎన్ని అంకణాలు, బావి ఎంత లోతు, చెట్లు ఎన్ని అని స్టేట్‌మెంట్లు రాసేవాణ్ణి. వచ్చిన వెల మీద నూటికి 15 చొప్పున సొలేషియం కలిపేవాళ్ళం. అది 30 అయింది 1984లో. అప్పటికే ఆ ఊళ్ళు నీళ్ళలో ఉన్నాయి.

ఒకనాడు విచారణలో ఒక ముసలమ్మ ముందుకు వచ్చింది. వాకిట్లోని వేపచెట్టుకు కలప లెక్కన వెల కట్టాము. చదివి వినిపించాను. ఆమె అంతా విని, "నీడకు ఎంత రాసినావు నాయనా?" అని అడిగింది. అందరూ నవ్వారు. తరువాత, 1981లో, ఆ ఊళ్ళు ఖాళీ చేయించారు.

ఆ ప్రశ్న నన్ను వదలలేదు. 2012లో రిటైరయిన తరువాత నవలగా రాయడం మొదలుపెట్టాను. మూడుసార్లు తిరగరాశాను. నా నవలలో ముసలమ్మ ప్రశ్న అడుగుతుంది, అందరూ నవ్వుతారు, ఒక్క గుమాస్తా మాత్రం తల దించుకుంటాడు. చదివిన మిత్రులు ఆ ఘట్టమే బాగుందన్నారు. నాకూ అలాగే అనిపించింది.

ప్రెస్సుకు ఇచ్చేముందు ఆ ముసలమ్మ మనుమడిని వెతుక్కుంటూ వెళ్ళి ప్రూఫు కాగితాలు ఇచ్చాను. విచారణనాడు ఆమె కొంగు పట్టుకుని నిలబడిన పిల్లవాడే, ఇప్పుడు యాభై దాటినవాడు. వారం తరువాత మళ్ళీ వెళితే మజ్జిగ ఇచ్చి కూర్చోబెట్టాడు. "అన్నీ ఉన్నాయి సార్. మా ఊరు మళ్ళీ చూసినట్టుంది. కానీ ఆ రోజు మీరూ నవ్వినారు" అన్నాడు.

అందులో కోపం లేదు. నాకు మాత్రం మజ్జిగ గొంతు దిగలేదు. ముప్పై ఆరేళ్ళ సర్వీసులో ఒక్క తప్పుడు లెక్క రాయలేదని గర్వపడేవాణ్ణి. నా సొంత కథలోనే రాశాను. ఇంటికి వచ్చి ఆ అధ్యాయం కొట్టివేసి మళ్ళీ రాశాను. ఇప్పుడు పుస్తకంలో గుమాస్తా నవ్వుతాడు, అందరికన్నా గట్టిగా.

ఆఫీసులో అయితే తప్పు పడితే సవరణ ఉత్తర్వు ఇచ్చేవాళ్ళం. పుస్తకానికి ఆ సౌకర్యం లేదు. ఈ క్షణం నుంచి ఇది మీ చేతిలోది. మెచ్చుకుంటారా లేదా అన్న బెంగ నాకు లేదు. నా మనుమరాలు ఆ పేజీ చదివి, "తాతయ్యా, ఇది నువ్వేనా?" అని అడుగుతుందేమోనన్న భయం ఉంది. అడిగితే అవునని చెప్పాలని నిశ్చయించుకున్నాను.

నీరు తగ్గినప్పుడు సంగమేశ్వరం గుడి బయటపడుతుంది, చూసిరావడానికి మనం వెళ్తాము. ఆ చుట్టుపక్కల మునిగినవి ఇళ్ళు కూడానని ఈ పుస్తకం గుర్తు చేస్తే నాకు చాలు. 2013 చట్టంలో పునరావాసమన్న మాట చేరింది. మంచిదే. నీడకు మాత్రం ఇప్పటికీ కాలమ్ లేదు.

మీలో చాలామంది నావంటి కుర్చీలలోనే కూర్చున్నారు. తీరికగా చదవండి. పొరపాట్లుంటే మొగమాటం లేకుండా చెప్పండి.