మట్టిదారి మోటారు సైకిలు – అరిగిన భాగాల మరమ్మతు



మా హోసూరు నుంచి డెంకణికోట మీదుగా అంచెట్టి వెళ్ళే దారి మీలో కొందరికైనా తెలిసే ఉంటుంది. తారు రోడ్డు దిగి కొండ ఊళ్ళ వైపు తిరిగితే ఎర్రమట్టి, గులకరాళ్ళు, వానొస్తే దారికి అడ్డంగా వాగు. కోలారు పక్కనున్న వారికీ, రాయగడ కొండల్లో ఉన్నవారికీ ఇలాంటి దారులు కొత్తేమీ కావు. ఈ దారుల్లో మామూలు బండి కింద తగులుతుంది. తారు మీదా, మట్టి మీదా రెండింటా నడిచేలా కట్టిన మోటారు సైకిళ్ళు కొన్ని ఉన్నాయి. 2011లో మన దేశంలో వచ్చిన హీరో ఇంపల్స్ అలాంటిదే. ముందు చక్రం 19 అంగుళాలు, వెనకది 17 అంగుళాలు, నేలకు 245 మిల్లీమీటర్ల ఎత్తు, రెండూ స్పోకుల చక్రాలు. కొన్నేళ్ళకే దాని తయారీ ఆగిపోయింది. ఇప్పటికీ కొందరి దగ్గర ఆ బండి ఉంది, అరిగిన భాగాలతో నడుస్తోంది. వారి కోసమే ఈ నాలుగు మాటలు.

మా మేనల్లుడికి ఆ బండి ఉంది. కొండ ఊళ్ళకు వెళ్ళి పశువులకు సూది వేసి వస్తాడు. బండి ఆగితే వాడి సంపాదన ఆగుతుంది. రెండేళ్ళ కిందట ఒకరోజు వచ్చి, "మామా, మలుపు తిరిగేటప్పుడు వెనక చక్రం నాతో రావడం లేదు. తనకు తానే ఎటో పోతున్నట్టుంది" అన్నాడు. నేను టైరు చూశాను. గట్లు కాస్త అరిగి ఉన్నాయి. "టైరు మార్చరా" అన్నాను. మార్చాడు. పది రోజుల తర్వాత ఘాటు మలుపులో బండి పక్కకు జారి, వాడి మోచేయి గీసుకుపోయింది. అంతటితో పోయింది గనక ఈవేళ నేను ఈ సంగతి చెప్పగలుగుతున్నాను. తప్పు టైరుది కాదు, నాది. చేత్తో పట్టి చూడకుండా కంటితో చూసి తీర్పు చెప్పాను.

ఆ రోజు నేను చేయవలసిన పరీక్షకు ఐదు నిమిషాలు చాలు. ఇంజను కింద గట్టి చెక్కపెట్టె పెట్టి వెనక చక్రాన్ని నేలకు పైకి లేపాలి. బండిని పట్టుకోవడానికి ఇంకొకరు ఉండాలి. చక్రాన్ని పైనా కిందా రెండు చేతులతో పట్టుకుని అటూ ఇటూ ఊపండి. చక్రం మాత్రమే కదిలి, దాన్ని రెండు వైపులా పట్టుకున్న స్వింగ్ ఆర్మ్ కదలకపోతే చక్రం బేరింగు పోయినట్టు. చక్రంతో పాటు స్వింగ్ ఆర్మ్ కూడా 'టక్ టక్' మని కదిలితే అది ఫ్రేముకు తగిలే చోట ఉన్న బుష్షులు అరిగినట్టు. వాగు నీళ్ళు, బురద అందులోకి పోయి, గ్రీజును కడిగేసి, సానరాయిలా అరగదీస్తాయి. మా వాడి బండిలో జరిగింది ఇదే.

బుష్షు మార్చడం మీ ఇంటి పంచలోనే సాధ్యం, ఓపిక ఉంటే. చక్రం, చైను, బ్రేకు రాడ్డు, షాక్ అబ్జార్బరు కింది బోల్టు విప్పాక మధ్యలో పొడవాటి బోల్టు ఒకటి మిగులుతుంది. తుప్పు పట్టి మొండికేస్తుంది. ముందు రోజు రాత్రి తుప్పు వదిలించే నూనె కొట్టి వదిలేయండి. సుత్తితో కొట్టవలసి వస్తే నట్టును బోల్టు చివరికి సమంగా ఎక్కించి, చెక్క అడ్డం పెట్టి కొట్టండి. లేకపోతే మర చచ్చిపోతుంది. పాత బుష్షులను కొట్టి తీయకండి. పొడవాటి మర కడ్డీ ఒకటి తెచ్చుకుని, ఒకవైపు బుష్షు కంటే కొంచెం చిన్న సాకెట్టు, రెండోవైపు బుష్షు దూరేంత పెద్ద పైపు ముక్క, వాషర్లు పెట్టి నట్టు బిగిస్తూ పోతే బుష్షు తనంతట తానే పైపులోకి వస్తుంది. కొత్తది ఎక్కించేదీ ఇలాగే. కొత్త బుష్షు లోహానిదైతే రాత్రంతా ఫ్రిజ్జులో మంచు అరలో ఉంచండి. వెంట్రుకవాసి కుంచించుకుని సులువుగా దిగుతుంది.

అంగట్లో బుష్షు దొరకకపోతే లేత్ షాపు ఉంది. హోసూరులో ఫ్యాక్టరీల పుణ్యమా అని లేత్ షాపులకు కరువు లేదు. కానీ ఒక సంగతి. అరిగిన బుష్షు ఒక్కటే పట్టుకెళితే, అరిగిన కొలతకే కొత్తది చేసి ఇస్తారు. స్వింగ్ ఆర్మ్‌నూ, ఆ బోల్టునూ కూడా తీసుకెళ్ళండి. బోల్టు మీద గోరుతో గీసి చూడండి. మెట్టులా తగిలితే బోల్టు కూడా అరిగినట్టే. దాన్ని మాత్రం మామూలు ఇనుముతో లేత్‌లో చేయించవద్దు. చక్రాల ఇరుసులు, ఈ బోల్టు గట్టి ఉక్కుతో చేసినవి. మెత్తటి ఇనుము వంగిపోతుంది, ఒక్కోసారి విరిగిపోతుంది. బెంగుళూరు జె.సి. రోడ్డులోనో, చెన్నై పుదుపేటలోనో వెతికితే అసలుది దొరకవచ్చు. ఓ రోజు పోయినా ఫరవాలేదు.

ఇక చైను. మన చిన్న బళ్ళ చైనులో పిన్నుకూ పిన్నుకూ మధ్య 12.7 మిల్లీమీటర్లు, అంటే అర అంగుళం. చైనును కాస్త లాగి పట్టి, 21 పిన్నులు లెక్కపెట్టి, మొదటి పిన్ను నడుమ నుంచి చివరి పిన్ను నడుమకు కొలవండి. కొత్త చైనుకు 254 మిల్లీమీటర్లు ఉంటుంది. 259 దాటితే ఇక బిగించి లాభం లేదు, మార్చాలి. అప్పుడు ముందూ వెనకా పళ్ళ చక్రాలు కూడా కలిపి మార్చండి. అరిగిన పళ్ళ మీద కొత్త చైను వేస్తే నాలుగు నెలల్లో అదీ పాతదవుతుంది.

చైను బిగింపులో ఇలాంటి బండికి ఒక ప్రత్యేకత ఉంది. వెనక షాక్ అబ్జార్బరు చాలా దూరం దిగుతుంది. పెట్టె మీద లేపి ఉన్నప్పుడు సరిగ్గా ఉన్న చైను, మనిషి కూర్చుని బండి దిగేసరికి కర్రలా బిగుసుకుంటుంది. గేరుపెట్టె ఇరుసు, స్వింగ్ ఆర్మ్ బోల్టు, వెనక చక్రం ఇరుసు, ఈ మూడూ ఒకే గీత మీదికి వచ్చినప్పుడు చైను అన్నిటికంటే బిగువుగా ఉంటుంది. కాబట్టి మనిషిని కూర్చోబెట్టి, చక్రం కొంచెం కొంచెం తిప్పుతూ, ఎక్కువ బిగువున్న చోట కూడా చైను కాస్త ఆడేలా ఉంచండి. అతిగా బిగిస్తే గేరుపెట్టె బేరింగూ ఆయిలు సీలూ పోతాయి. లింకు క్లిప్పు మూసిన కొన చైను వెళ్ళే దిక్కుకు ఉండాలి. ఇంజను ఆడుతుండగా చైను తుడవడం మాత్రం ఎన్నడూ చేయకండి. గుడ్డతో పాటు వేలు కూడా పళ్ళలోకి పోతుంది. కిరోసిన్‌తో గాని డీజిలుతో గాని కడిగి, ఆరనిచ్చి, గేరు ఆయిలు రాస్తే చాలు.

ముందు ఫోర్కు నుంచి నూనె కారుతుంటే సీలు మార్చకముందు ఒక చిట్కా ఉంది. పైనున్న దుమ్ము తొడుగును పైకి జరిపి, పాత ఫోటో నెగటివు ముక్కను సీలు అంచుకు, గొట్టానికి మధ్య దూర్చి చుట్టూ తిప్పండి. ఇరుక్కున్న మట్టి బయటికొస్తుంది. చాలాసార్లు కారడం అంతటితో ఆగుతుంది. కారిన నూనె ముందు బ్రేకు డిస్కు మీద పడకుండా చూసుకోండి.

స్పోకులను స్పానరుతో ఒక్కొక్కటీ తట్టి వినండి. బిగువున్నది మోగుతుంది, వదులైనది మొద్దుగా పలుకుతుంది. పావు చుట్టు చొప్పున బిగించండి, ఒకేసారి వద్దు. బ్రేకు ప్యాడ్లు మార్చినప్పుడు బండి ఎక్కకముందే లివరును గట్టిపడేదాకా పిండండి. పిండకపోతే మొదటిసారి నొక్కినప్పుడు బ్రేకు పడదు. బ్రేకు గొట్టం పగిలి ఉంటే మాత్రం ఇంట్లో చేయవద్దు.

మా వాడి బండికి బుష్షులు లేత్‌లోనే చేయించాం. బోల్టు చెన్నై నుంచి తెప్పించాం. పని పూర్తయ్యాక నూరు కిలోమీటర్లు తిప్పి, నట్లన్నీ మళ్ళీ ఒకసారి చూశాం. రెండు కాస్త వదులయ్యాయి, బిగించాం. ఆ కొత్త టైరు ఇంకా దాని మీదే ఉంది. వాడు నన్ను ఏమీ అనడు గానీ, నేను బండి చూడటానికి వంగినప్పుడల్లా, "మామా, ముందు చేత్తో పట్టి చూడు" అంటాడు.

సెలవు.