త్రాగునీటి నిధి – పంపకపు లెక్క



మహాభారతమున సభాపర్వమందు నారదమహర్షి ధర్మరాజును చూడవచ్చి రాజ్యపాలనమును గూర్చి వరుసగా ప్రశ్నించును. ఆ ప్రశ్నలలో రెండు ఈనాటి విషయమునకు మిక్కిలి దగ్గరగా నున్నవి. రాజ్యమున అక్కడక్కడ నిండు చెరువులు కలవా, లేక సేద్యమంతయు వాననే నమ్ముకొని యున్నదా యనునది యొకటి. గణకులు, లేఖకులు ప్రతిదినము ప్రొద్దుటిపూటనే ఆయవ్యయములను విన్నవించుచున్నారా యనునది మరియొకటి. నీటిని, లెక్కను ఆ ముని ఒక్కసారే అడిగెను. లెక్కలవారిని చూచి నవ్వువారు ఆ ఘట్టమును ఒకమారు చదువదగును.

మన రాజ్యాంగము నీటిసరఫరాను రాష్ట్రముల జాబితాలో చేర్చినది. 73వ సవరణ తరువాత త్రాగునీరు పంచాయతీలకు అప్పగింపదగిన విషయములలో ఒకటి యైనది. బాధ్యత క్రిందికి దిగినను ధనము పైననే యున్నది. కావున కేంద్రప్రభుత్వము 1954లో జాతీయ కార్యక్రమము పేరను, 1972–73లో త్వరిత గ్రామీణ నీటిసరఫరా పథకము పేరను, 2019 నుండి జల జీవన్ మిషన్ పేరను రాష్ట్రములకు గ్రాంటు లిచ్చుచు వచ్చినది. పేర్లు మారినవి. లెక్కించు పద్ధతియు మారినది. అసలు సంగతి అందులోనే యున్నది.

పూర్వపు పథకములలో నీరున్న ఊరు ఏది, లేని ఊరు ఏది యని నిర్ణయించుటకు ఒక కొలత యుండెను. మనిషికి దినమునకు 40 లీటర్లు; 250 మందికి ఒక చేతిపంపు; మైదానమున 1.6 కిలోమీటర్ల లోపల, కొండప్రాంతమున 100 మీటర్ల ఎత్తు తేడాలోపల నీటివసతి. కాగితముపై ఇది న్యాయముగనే కనబడును. సాలూరు పై కొండలలో నున్న గూడెములను తలచుకొని దీనిని మరల చదువుడు. గెడ్డ 90 మీటర్ల దిగువన నున్నచో దూరపు లెక్కలో ఆ గూడెమునకు లోటు కనబడదు! ఐదుగురున్న కుటుంబమునకు 200 లీటర్లు కావలెను. అనగా పదునైదు లీటర్ల బిందెలు పదునాలుగు. దిగునప్పుడు బిందె ఖాళీ, ఎక్కునప్పుడు నిండు. ఆ ఎక్కుడును కొలిచిన వారెవరు? కొలత పట్టిక యందు దానికి గడియే లేదు.

2019లో ఆ కొలత మారి, ఊరికి బదులు ఇల్లు లెక్కకు వచ్చినది. ప్రతి యింటికి కుళాయి, మనిషికి 55 లీటర్లు అని నిర్ణయమైనది. కేంద్రధనమును రాష్ట్రములకు పంచు సూత్రమును అప్పుడే వ్రాసిరి. నూరు రూపాయలలో 30 గ్రామీణ జనాభానుబట్టి. 30 ఎడారి, కరవు, కొండ ప్రాంతముల పథకములకు లోనైన గ్రామీణ ప్రాంతములనుబట్టి. 10 గ్రామములందలి షెడ్యూల్డు కులములు, తెగల జనాభానుబట్టి. 10 రసాయనదోషముగల నీరు త్రాగువారి సంఖ్యనుబట్టి. మిగిలిన 20 ఇంకను కుళాయి లేని యిండ్లనుబట్టి. కేంద్రము ఒక రూపాయి యిచ్చిన ఆంధ్రప్రదేశ్ మరియొక రూపాయి పెట్టవలెను. హిమాలయ, ఈశాన్య రాష్ట్రములైనచో కేంద్రమునకు 90, రాష్ట్రమునకు 10. తూర్పు కనుమల కొండ హిమాలయము కాదు గనుక ఆ సదుపాయము దీనికి లేదు.

ఇచట ఒక సూక్ష్మము కలదు. ఈ సూత్రము రాష్ట్రమునకు రావలసిన భాగమునే నిర్ణయించును. ఒక గూడెమందలి జాతాపు కుటుంబమును, గదబ కుటుంబమును చూపి వచ్చిన రూపాయి, తిరిగి ఆ గూడెమునకే చేరవలెనను కట్టుబాటు ఆ సూత్రమున లేదు. రాష్ట్రములోపలి పంపకము గ్రామ, జిల్లా, రాష్ట్ర ప్రణాళికలనుబట్టి నడచును. గిరిజనులు అధికముగానున్న గ్రామములకును, వెనుకబడిన జిల్లాలకును ముందు వరుస యిమ్మని మార్గదర్శకములు చెప్పినవి. 2018లో కేంద్రము ఎన్నుకొన్న ఆకాంక్షిత జిల్లాలలో విజయనగరము ఒకటి. సాలూరు అప్పుడు ఆ జిల్లాలోనిదే, 2022 ఏప్రిల్ నుండి పార్వతీపురం మన్యం జిల్లాలోనిది. వరుసలో పేరుండుట వేరు, కిస్తీ అందుట వేరు. ఆంధ్రప్రదేశ్ కు కేంద్ర కేటాయింపు 2020–21లో సుమారు 790 కోట్లు కాగా, 2021–22లో సుమారు 3,182 కోట్లకు పెరిగినది. నాలుగింతలైన కేటాయింపును అందుకొనుటకు రాష్ట్రవాటాయు నాలుగింతలు కావలెను గదా! రాష్ట్రము తన రూపాయి పెట్టి, ఖర్చుచేసి, వినియోగ ధ్రువపత్రము పంపిన గాని తరువాతి కిస్తీ కదలదు. పత్రము ఆలస్యమైన దాహము ఆలస్యము కాదు.

గ్రామముకూడ ఊరిలోపలి పనుల వ్యయములో కొంత భరింపవలెనని నియమము. సామాన్య గ్రామములు నూటికి 10. కొండ, అటవీ ప్రాంతములును, షెడ్యూల్డు కులములు, తెగలు సగమునకు మించియున్న గ్రామములును నూటికి 5. పని 20 లక్షలదైనచో లక్ష రూపాయలన్నమాట. దానిని ధనముగా, వస్తువుగా, కాయకష్టముగా ఈయవచ్చును. కాని కాయకష్టమునకు హాజరుపట్టీ యుండవలెను. కందకము త్రవ్విన కూలి దినమును ఎవరును వ్రాయనిచో, చెమట నిజమేగాని వాటా శూన్యము.

కొటియా గ్రామముల సంగతి మరింత చిక్కు. వానిని ఆంధ్రప్రదేశ్ సాలూరు మండలములోనివనును, ఒడిశా కొరాపుట్ జిల్లాలోనివనును. 1968లో ఒడిశా సుప్రీంకోర్టున వేసిన దావా 2006లో కొట్టివేయబడినది, తగవు తీరలేదు. 2021 ఫిబ్రవరిలో అచట కొన్ని పంచాయతీలకు ఆంధ్రప్రదేశ్ ఎన్నికలు జరుపగా ఒడిశా మరల న్యాయస్థానమున కెక్కినది. ఇండ్లను లెక్కించి ధనమును పంచునపుడు ఇట్టి యింటిని ఏ రాష్ట్రపు జాబితాలో వ్రాయవలెను? ఇరువురు పిలిచెడి యింటికి పండుగనాడు రెండు భోజనములు దొరకవచ్చును; గొట్టము పగిలిననాడు అది మాది కాదని ఇరువురును అనవచ్చును.

ఇతర దేశములలో ఈ చిక్కు లేదనుకొనరాదు. అమెరికాలో 1996 నాటి చట్టము ననుసరించి త్రాగునీటికై ఒక తిరుగుడు నిధి నెలకొల్పిరి. నాలుగేండ్లకొకసారి అవసరముల సర్వే చేసి, దానినిబట్టి కేంద్రము రాష్ట్రములకు పంచును. ఎంత చిన్న రాష్ట్రమునకైనను నూటికి ఒక వంతుకు తగ్గదు. రాష్ట్రము 20 వంతులు కలుపును. అచటి పద్ధతిలో మెచ్చదగిన దొకటి: ఆ యేడు ఏ ఊరు ఏ వరుసలో నున్నదో రాష్ట్రము జాబితా వ్రాసి, ప్రజలకు చూపి, వారి యభిప్రాయము తీసికొనవలెను. వెనుకపడిన ఊరికి తాను వెనుకపడినట్లైనను తెలియును.

కుళాయి పెట్టిన తరువాతి వ్యయము వేరు పద్దు. కరెంటు బిల్లునకు, భూమి కొనుగోలునకు మిషన్ లోని కేంద్రవాటా వాడరాదు. అందువలన కొండ ఊటను కట్టి వాలున గొట్టములద్వారా దింపెడి పథకము గూడెములకు లెక్కప్రకారముకూడ మేలు. మోటారు లేదు, బిల్లు లేదు. మరమ్మతులకు 15వ ఆర్థికసంఘము 2021–26 కాలమునకు పంచాయతీల కిచ్చిన గ్రాంటులలో నూటికి 60 నీటికి, పారిశుద్ధ్యమునకు ముడిపెట్టినది. రాష్ట్రము ఆ సొమ్మును పది పనిదినములలో దింపవలెను, ఆలస్యమైన వడ్డీతో ఈయవలెను. పంచాయతీ తన లెక్కలను ప్రజలకు కనబడునట్లు అంతర్జాలమున పెట్టవలెను. సాలూరు పట్టణము పురపాలకము గనుక దాని దారి వేరు. లక్షలోపు జనాభాగల పట్టణములకు అమృత్ రెండవ పథకము (2021) సగము వ్యయ మిచ్చునట్లు ఏర్పాటైనది.

జల జీవన్ మిషన్ గడువు 2024తో ముగియవలసినది, 2028 వరకు పొడిగింపబడునని 2025 కేంద్రబడ్జెటులో ప్రకటించిరి. గ్రామప్రణాళిక గ్రామసభలో ఆమోదింపబడవలెను. నీటిసంఘములో సగము మంది స్త్రీలుండవలెను. ప్రణాళిక ప్రతి, ఇండ్ల జాబితా, హాజరుపట్టీ, గ్రామవాటా రసీదు – ఈ నాలుగు కాగితములును గ్రంథాలయపు బల్లమీద వార్తాపత్రికల ప్రక్కన ఉంచినచో, చదువ నేర్చిన బాలిక తన తల్లి పేరు జాబితాలో కలదో లేదో చూచి చెప్పగలదు.