నడవడికి మనస్సులోని పునాదులు

మనుష్యుడు మంచిగా ఏల నడచుకొనును? దైవభీతిచేత నని కొందరు, దండనభయముచేత నని కొందరు, పుట్టుకతో వచ్చిన గుణమని మరికొందరు చెప్పుదురు. ఈ వాదము కూర్చున్నచోట తెగునది కాదు. అందుచేత శ్రోతలను కంభము చెరువు కట్టకడకు తోడుకొని పోవుచున్నాము.

గుండ్లకమ్మకు అడ్డముగా, కొండల నడుమ నిలిచిన యీ కట్ట విజయనగర ప్రభువుల కాలము నాటిది. గజపతి కుమార్తె వరదరాజమ్మ కట్టించెనని ప్రతీతి. 2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంఘము దీనిని ప్రపంచ వారసత్వ కట్టడముగా గుర్తించినది. కట్టను కొనియాడువారు చాలమంది కలరు. మా దృష్టి దాని దిగువనున్న కాలువలమీద నున్నది.

వాన వెనుకపట్టిన యేడు. నడిరేయి. కాలువ నడిమి భాగమున పొలము గల రైతొకడు మేలుకొని యున్నాడనుకొందము. అతని వంతు ముగిసినది, మడవ కట్టవలెను. కట్టకున్న చూచువారు లేరు. చివరి మడి యెండుట కొన్ని దినములకు గాని బయటపడదు. అయినను అతడు పార తీసికొని మట్టి వేయును. ఎందుచేత?

జాలి యనుట సులభము. కాని చివరి మడివాడు ఇతనికి చుట్టము కాకపోవచ్చును, పగవాడైనను కావచ్చును. భయమందుమా, చీకటిలో దానికి బలము తక్కువ. మా యభిప్రాయమున అతని చేతిని నడిపించునది ఒక నమ్మకము: తాను కట్టినట్లే పైమడివాడును తన వంతు తీరగానే కట్టును. ఆ నమ్మకము సడలిననాడు “ఊరికి లేని నీతి నాకేల?” అను మాట పుట్టును. అట్లనువాడు దుర్మార్గుడే కానక్కరలేదు. తానొక్కడే మోసపోవుట కొల్లనివాడు కావచ్చును.

ఈ మనఃస్థితి బాల్యముననే మొలకెత్తును. స్విట్జర్లాండు శాస్త్రజ్ఞుడు పియాజే గోలీలాడు పిల్లలను పరిశీలించి 1932లో ఒక గ్రంథము ప్రకటించెను. చిన్నవారు ఆట నియమములు పెద్దలు పెట్టినవనియు, మార్చరానివనియు చెప్పుదురట. ఆడునప్పుడు మాత్రము ఎవరికి తోచినట్లు వారాడుదురు! పది పండ్రెండేండ్లవారు అవి అందరమొప్పుకొన్న కట్టుబాట్లే యందురు, వానిని జాగ్రత్తగా పాటింతురు. పలకలకు పేరుగన్న మార్కాపురమున ఏ బడి ముంగిటనైనను ఈ వింత చూడవచ్చును.

పెద్దల సంగతి యేమి? కర్నూలు జిల్లా కాలువ గ్రామములను పరిశోధించిన రాబర్టు వేడ్ తన గ్రంథమును 1988లో ప్రచురించెను. మార్కాపురము, గిద్దలూరు ప్రాంతములును 1970 వరకు ఆ జిల్లాలోనివే గదా. నీరు పుష్కలముగా నందు ఊళ్లలోకన్న, కాలువ చివర కటకటపడు ఊళ్లలోనే ఉమ్మడి కట్టుబాట్లు బలముగా నుండుట ఆయన గమనించెను. అట్టి ఊళ్లు నీరు పంచుటకు నీరుగంటివారిని నియమించుకొని జీతమిచ్చెడివి. ఎదుటివాడును తప్పడను నిశ్చింతను ఊరు ఆ జీతముతో కొనుచున్నదని మేము తలంచుచున్నాము.

అయితే చెరువునీరు కంటికి కనబడును. బోరుబావి నీరు కనబడదు. పశ్చిమ ప్రకాశమున బోర్లు లోతుకు, మరింత లోతుకు పోయినవి. ప్రక్కవాడెంత తోడెనో మనకు తెలియదు, మనము తోడినది ఎవరి బావిని ఎండగట్టునో అంతకన్న తెలియదు. రైతు వాడే, మనస్సును అదే. సిగ్గుపడుటకు గాని, నమ్ముటకు గాని ఆధారము మాత్రము మిగులలేదు.

2003 తరువాత ప్రకాశముతో కూడ ఏడు కరవు జిల్లాలలో రైతులే భూగర్భజలమును లెక్కించుకొను పథకమొకటి నడచినది. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ దానికి తోడ్పడినది. వానను, బావుల నీటిమట్టమును రైతులే కొలిచిరి. వారిలో స్త్రీలును గలరు. రబీకి ముందు ఊరు కూర్చుండి నీటి జమాఖర్చు వేసికొనెడిది. అంకెలను అందరును చూచునట్లు బోర్డులపై వ్రాసిరి. నిర్బంధము లేదు, జరిమానా లేదు. అయినను పలుచోట్ల రైతులు వరి తగ్గించి తక్కువ నీటి పైర్లకు మరలిరి.

పథకములకు గడువుండును. గడువు తీరిన పిదప కొలత తాడు పట్టుకొని బావికడకు పోవువానికి, నాడు నీరుగంటికిచ్చినట్లు, ఊరు జీతమిచ్చునా యన్నది ఊరివారు తేల్చుకొనవలసిన మాట.